చిన్న కార్యాలయమునకు కంప్యూటర్లు

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున మొదటిసారి అడుగిడినవానికి, గదికి గది ఆనుకొనియున్న దుకాణములలో మదర్‌బోర్డుల పెట్టెలును, రంగుదీపములు వెలుగు క్యాబినెట్లును, ధరల పట్టికలు చేతబట్టి పిలుచు కుర్రవాండ్రును ఒక్కుమ్మడిగా ఎదురగునప్పుడు, తాను వచ్చినది ఒక ఆడిటరు కార్యాలయమునకు ఐదు కంప్యూటర్లు కొనుటకే యన్న సంగతి మఱపునకు వచ్చుట సహజము. ఢిల్లీలో నెహ్రూప్లేసు, చెన్నైలో రిచ్చీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు ఇట్టి అంగళ్లకే పేరువడినవి. భాగములను విడివిడిగా ఏరి, కన్నుల యెదుటనే బిగింపించుకొని తెచ్చుకొను ఈ పద్ధతికి మూలము 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు. ఆ సంస్థ, విపణిలో త్వరగా దిగవలెనన్న ఆతురతచే, ఇతరులు చేసిన భాగములనే అధికముగా కూర్చి, యంత్రనిర్మాణ వివరములను బహిరంగముగా ప్రచురించుటచేత, ఒకరి భాగము మఱియొకరి యంత్రమున ఇముడు సంప్రదాయ మేర్పడెను. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలు దానిని స్థిరపఱచినవి.

ఇక ఆడిటరుగారి కార్యాలయమున జరుగు పని యేమి? ట్యాలీలో పద్దులు వ్రాయుట, ఎక్సెల్ పట్టికలు కూర్చుట, జీఎస్టీ, ఆదాయపుపన్ను పోర్టళ్లలో రిటర్నులు దాఖలు చేయుట, డిజిటల్ సంతకపు టోకెను తగిలించుట, కాగితములు స్కాను చేయుట. వీనియందు ప్రాసెసరు మనుష్యునికొఱకు నిరీక్షించు కాలమే దీర్ఘము; మనుష్యుడు ప్రాసెసరుకొఱకు నిరీక్షించు కాలము స్వల్పము. అట్లుండియు దుకాణదారుడు మొదట అడుగునది "ఐ ఫైవా, ఐ సెవెనా సార్?" అనియే. ఇటీవలి తరములకు చెందిన ఐ3 గాని, రైజెన్ 3 గాని, మహా అయిన రైజెన్ 5 గాని యీ పనికి చాలును. ఐతే ధర కొంత తగ్గునని, పేరు చివర ఎఫ్ అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసరును ఏరుకొనరాదు. దానియందు గ్రాఫిక్స్ సదుపాయ ముండదు గావున, వేఱుగా కార్డు కొననిదే తెరపై నేమియు కనబడదు.

సొమ్ము వెచ్చింపదగిన తావు వేఱొకటి కలదు. పాత హార్డుడిస్కులో, నిమిషమునకు 7200 మారులు తిరుగు పళ్లెముపై చదువు ముల్లు అటునిటు కదలి, కావలసిన చోటు తన క్రిందికి వచ్చువఱకు వేచియుండవలయును గావున, ఒక్కొక్క చిన్న తునకను వెదకి తెచ్చుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును. ఎస్‌ఎస్‌డీలో కదలు భాగమే లేనందున అదే పని సాధారణముగా 0.1 మిల్లీసెకండు మించదు. విండోస్ మేల్కొనునప్పుడును, ఒక కంపెనీ యొక్క సంవత్సరపు లెక్కలు తెఱచునప్పుడును ఇట్టి తునకలు వేలకొలదిగా చదువవలసియుండును. ప్రొద్దున్నే కంప్యూటరు వేసి, అది లేచులోపల టీ త్రాగివచ్చు ఆచారము మన కార్యాలయములలో ప్రబలినది హార్డుడిస్కు చలువవలననే. కావున 512 జీబీ ఎస్‌ఎస్‌డీ యొకటి, 16 జీబీ ర్యాము: ఇవి కుదిరినపిమ్మట మిగిలిన సొమ్ముతో ప్రాసెసరును గూర్చి ఆలోచింపవచ్చును.

పెద్ద కంపెనీలు వాడి విడిచిన సెకండ్‌హ్యాండు డెస్కుటాపులు చౌకగా దొరకుచున్నవి. వానిని నేను నిరసింపను. కాని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నియమముల ప్రకారము టీపీఎం 2.0 సదుపాయమును, ఇంటెల్ పక్షమున సామాన్యముగా ఎనిమిదవ తరము లేక తరువాతి ప్రాసెసరును ఉండవలయును. ఆఱవ తరమో, ఏడవ తరమో అయిన యంత్రమును చౌకయని కొని, దొంగ విండోస్ వేయించి, దానిపై ఖాతాదారుల పాను సంఖ్యలను, బ్యాంకు వివరములను పెట్టుకొనుట ఆడిటరు చేయదగిన పని కాదు.

కంటికి కనబడని భాగముల విషయమున మనవారి పొదుపు మితిమీరియుండును. క్యాబినెట్టుతో బాటు ఉచితముగా వచ్చు ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని అచ్చువేసియున్నంతమాత్రమున అది అంత శక్తి నిచ్చునని నమ్మరాదు. అది చెడునప్పుడు ఒక్కొక్కసారి మదర్‌బోర్డును సైతము తనతో కొనిపోవును. 80 ప్లస్ ముద్ర గల, పేరున్న సంస్థ చేసినదానిని వేఱుగా కొనుట మేలు. 600 వీఏ యూపీఎస్ సామాన్యముగా 360 వాట్ల భారమును మోయును గనుక ఒక కంప్యూటరునకును, మానిటరునకును అది చాలును. లేజరు ప్రింటరును మాత్రము దానికి తగిలింపరాదు, ఏలయన కాగితముపై పొడిని కరగించు వేడికొఱకు అది ఒక్కసారిగా వందలకొలది వాట్లు లాగుకొనును. నివాసపు టిళ్లను కార్యాలయములుగా మార్చిన చోట్ల ఎర్తింగు సరిగా లేకుండుట మిక్కిలి సాధారణము; క్యాబినెట్టు ముట్టినపుడు చేయి జివ్వుమనుచున్నచో కంప్యూటరు మెకానిక్కును గాక ఎలక్ట్రీషియనును పిలువవలయును.

అసెంబుల్డా, బ్రాండెడా యన్న వివాదమునకు నా తీర్పు ఊరినిబట్టి మారును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల వంటి నగరములలో, నమ్మకమైన దుకాణదారుడు దొరకినచో, అసెంబుల్డే యుత్తమము. ఏ భాగము చెడినను ఆ భాగమునే మార్చుకొనవచ్చును. బ్రాండెడ్ చిన్న డెస్కుటాపులలో పెక్కింటి ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డులు ఏటీఎక్స్ కొలతలకు లోబడక, ఆ కంపెనీ తనకొఱకు చేసికొన్న ఆకారమున నుండును గావున, వారంటీ తీఱినపిదప సామాన్యపు అంగడి భాగము దానికి పట్టదు. మండల కేంద్రమున ఉన్నవారికి మాత్రము, మెకానిక్కే తమ గుమ్మమునకు వచ్చునట్లు మూడేండ్ల ఆన్‌సైట్ వారంటీ గల బ్రాండెడ్ యంత్రమే శ్రేయస్కరము. ఏది కొన్నను ఐదును ఒక్క తీరువే కొనవలయును. అప్పుడు ఒక ఎస్‌ఎంపీఎస్ అదనముగా దాచుకొన్నచో ఐదింటికిని పనికివచ్చును. అసెంబుల్డ్ యంత్రములో ప్రతి భాగమునకు దాని వారంటీ వేఱు గావున, బిల్లులో సీరియల్ నంబర్లన్నియు వ్రాయించుకొనుట మఱువరాదు. 18 శాతము జీఎస్టీకి క్రెడిట్ పొందుటకును ఆ బిల్లే ఆధారమని ఆడిటరుగారికి మనము చెప్పనక్కఱలేదు.

కడపట ఒక విన్నపము. ట్యాలీ దత్తాంశమునకు ప్రతిదినము ఒక ప్రతి తీసి, బయటి డిస్కులో నిలిపి, పని ముగియగానే ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీయుడు. తగిలించియున్న డిస్కును ర్యాన్సమ్‌వేరు విడిచిపెట్టదు. నెలకొకమారైనను ఆ ప్రతిని మఱియొక యంత్రముపై తెఱచి, గత మార్చి 31వ తేదీ నిల్వలు సరిగా వచ్చుచున్నవో లేవో స్వయముగా చూచుకొనుడు.