శని చందమామ మీద గోధుమ రంగు పొగమంచు.. ల్యాబ్‌లో లేజర్ కొడితే ఏం తేలింది?

కోనసీమ వాళ్లకి మీథేన్ కొత్త కాదు. ఓఎన్జీసీ బావుల్లోంచి వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం అదే. నీళ్లు నిలిచిన వరి చేలల్లో అడుగు నుంచి బుడగలుగా వచ్చేదీ అదే. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే చందమామ మీద మాత్రం ఈ మీథేన్ వానగా కురుస్తుంది. ఏరులై పారి, సరస్సుల్లో చేరుతుంది.

మరి మంట అంటుకోదా?

1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు చూసినవాళ్లకి వచ్చే డౌట్ ఇదే. అంటుకోదు. మంటకి ఆక్సిజన్ కావాలి. టైటాన్ గాలిలో దాదాపు 95 శాతం నైట్రోజన్, మిగతాదాంట్లో ఎక్కువగా మీథేనే ఉంటాయి. మండించేంత ఆక్సిజన్ లేదు. పైగా నేల మీద చలి మైనస్ 179 డిగ్రీలు!

ఆ రంగు ఎక్కడిది?

టైటాన్ వాతావరణం పై పొరల్లో సూర్యుడి అల్ట్రావయొలెట్ కిరణాలు మీథేన్‌ని, నైట్రోజన్‌ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు మళ్లీ కలుస్తూ, పెద్ద పెద్ద ఆర్గానిక్ అణువులుగా మారతాయి. అలా తయారయ్యే గోధుమ రంగు పదార్థాలకే కార్ల్ శాగన్, బిషున్ ఖరే 1979లో 'థోలిన్' అని పేరు పెట్టారు.

ల్యాబ్‌లో ఏం చేశారు?

బలమైన కిరణాలు పైనే ఆగిపోతాయి కాబట్టి, కింది పొరల్లో పెద్దగా కెమిస్ట్రీ జరగదని సైంటిస్టులు అనుకునేవారు. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో తెలుగు సైంటిస్ట్ మూర్తి గుడిపాటి నేతృత్వంలోని టీమ్ ఆ మాటకే పరీక్ష పెట్టింది. టైటాన్‌పై గుర్తించిన డైసయానోఎసిటిలీన్ అనే పదార్థాన్ని తీసుకుని, బాగా చల్లబరిచి, మంచు పొరలా గడ్డకట్టించారు. దాని మీద 355 నానోమీటర్ల లేజర్ కాంతి వేశారు. ఈ కాంతే ఎందుకంటే, టైటాన్ కింది పొరల దాకా దిగగలిగేది ఇలాంటిదే. కొంతసేపటికి ఆ మంచు గోధుమ రంగుకి తిరిగింది. అంటే థోలిన్ లాంటి పదార్థం కిందా తయారవగలదన్నమాట! 2013లో ఈ ఫలితాలు నేచర్ కమ్యూనికేషన్స్ జర్నల్‌లో వచ్చాయి.

మనకేంటి?

థోలిన్‌ని నీటితో కలిపితే అమైనో ఆమ్లాలు వస్తాయని వేరే ప్రయోగాల్లో తేలింది. మన ప్రోటీన్లకి ఇటుకలు అవే. అలాగని టైటాన్‌పై జీవం దొరికినట్టు కాదు. భూమ్మీద జీవం పుట్టకముందు ఎలాంటి కెమిస్ట్రీ నడిచిందో ఊహించడానికి, ఇప్పటికీ నడుస్తున్న ఓ నమూనా అక్కడుంది. అంతే.

అసలు పరీక్ష ముందుంది. డ్రాగన్‌ఫ్లై అనే ఎనిమిది రోటర్ల డ్రోన్‌ని 2028 జులైలో పంపాలని నాసా ప్లాన్. 2034లో అది టైటాన్‌పై దిగి, అక్కడి మట్టినే తవ్వి చూస్తుంది. ల్యాబ్ చెప్పింది నిజమో కాదో అప్పుడు తేలుతుంది.