దంతపు రేకుపై దొర, దస్తరంలో రైతు

ఛాయాచిత్రం పుట్టని రోజులలో దూరదేశం పోయే మనిషి రూపాన్ని ఇంటిలో నిలుపుకొనడానికి ఐరోపావారు కనుగొన్న ఉపాయం లఘుచిత్రం. ఏనుగుదంతాన్ని పలుచని రేకుగా కోసి, జిగురు కలిపిన నీటిరంగులను సన్నని కుంచెతో చుక్కలు చుక్కలుగా అద్ది ముఖాన్ని తీర్చేవారు. దంతపు తెలుపే చెక్కిలికి కాంతి. అరచేతిలో ఇమిడే ఆ చిత్రం ఒక తల్లి మెడలో పతకమై వ్రేలాడేది.

ఈ కళలో దిట్ట అయిన జాన్ స్మార్ట్ 1785 నుండి 1795 వరకు చెన్నపట్టణంలో ఉండి, ఆర్కాటు నవాబును, కుంఫిణీ దొరలను చిత్రించినాడు. తన పేరు పొడి అక్షరాలకు, సంవత్సరానికి తోడుగా ఇండియాకు గుర్తుగా మరొక అక్షరం చేర్చేవాడు. లఘుచిత్రాలతోనే చేయి తిప్పుకొన్న జార్జి చిన్నరీ 1802లో అక్కడికే వచ్చినాడు. 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కనున్న ఇద్దరు పసివాళ్లను పెద్ద తైలచిత్రంగా వ్రాసినాడు. వారు హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా దంపతుల బిడ్డలు. ఆ ఏడాది అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో మరణించినాడు. తల్లి మరల బిడ్డలను చూడనే లేదు.

ఈ రాయబారితో మన కరువుసీమకు గట్టి సంబంధమే ఉన్నది. 1800 అక్టోబరు 12న నిజాముతో సంధి కుదిర్చినవాడు ఇతడే. కుంఫిణీ సైన్యపు ఖర్చు క్రింద నిజాము అనంతపురం, బళ్లారి, కడప ప్రాంతాలను ధారపోసినాడు. అవి దత్తమండలా లయినవి. ఆ సంధి మాటలలో ఇక్కడి రైతుకు చోటు లేదు.

దొరల ముఖాలు దంతంమీద నిలిచినవి. మరి రైతు ముఖం ఎక్కడ? 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో చేలు కొలిపించి, ఏ చేను ఎవరిదో, ఎంత శిస్తో వ్రాయించినాడు. ఆ దస్తరమే రైతుకు దక్కిన పటం. అందులో పేరున్నది, పన్నున్నది. 1876–78 నాటి ఘోరక్షామంలో అతని సంతతి పడిన ఆకలిని అటువంటి లెక్క ఏది చూపగలదు?

ఇతరులు పెట్టిన పేరును మార్చుకొనడానికి ఈ సీమకు శతాబ్దం పైగా పట్టినది. 1928లో నంద్యాలలో 'రాయలసీమ' అన్న పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు అధ్యాపకులు. ఉపాధ్యాయులు తరగతిలో దొర చిత్రాన్ని చూపునప్పుడు, ప్రక్కనే పాత చేని లెక్కనొకదానిని కూడ చదివి వినిపించవలెను. రెండూ కలిసినప్పుడే చరిత్ర ముఖం పూర్తి అవుతుంది.