వారములలో తరిగిపోవు వినికిడి

చెముడు పుట్టుకతోనైనను రావలెను, వార్ధక్యముననైనను రావలెనని లోకములో నొక నమ్మకము గలదు. ముప్పది, నలువది యేండ్ల ప్రాయమున, చెవిలో పోటుగాని చీముగాని లేకయే, మొదట నొక చెవియు పిదప రెండవదియు కొన్ని వారములలోనో, రెండు మూడు నెలలలోనో మందగించిపోవునన్న మాట వైద్యులకు సైతము చిరకాలము మింగుడుపడలేదు. దీనికి శరీరము తన్ను తానే ద్వేషించుట కారణమేమో యని జర్మనీలో లేన్‌హార్ట్ 1958లోనే శంకించెను. అయినను, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కర్ణవైద్యుడైన బ్రయన్ మెక్‌కేబ్ 1979లో 18 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించి, రోగనిరోధకశక్తి నణచెడి కార్టిజోన్, సైక్లోఫాస్ఫమైడ్ మందులతో వినికిడి మెరుగుపడుటను చూపినపిమ్మట గాని ఈ వ్యాధికి వైద్యగ్రంథములలో చోటు దొరకలేదు.

అంతరకర్ణములో రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా యను నాళము గలదు. అందలి రోమకణములు సుమారు 15 వేలు. శబ్దకంపనములను నాడీసంకేతములుగా మార్చునవి యివియే. మనుష్యులలో నివి యొకసారి నశించిన మరల మొలవవు. రక్తమునకును ఈ నాళమునందలి ద్రవమునకును నడుమ గట్టి యవరోధ ముండుటచే రోగనిరోధకశక్తికి ఇచ్చట ప్రవేశమే లేదని పూర్వము తలచెడివారు. జంతువులపై జరిపిన ప్రయోగములలో ఆ తలంపు నిలువలేదు. అంతరకర్ణమును చేరియున్న ఎండోలింఫ్ కోశమునందు ఆ శక్తికి సంబంధించిన కణము లుండుననియు, అవసరమైనపుడు రక్తమునుండి మరికొన్ని వచ్చి చేరుననియు తేలినది. అట్లు చేరినవి సూక్ష్మజీవులను విడిచి చెవియందలి మాంసకృత్తులనే శత్రువులుగా నెంచినను, కాక్లియాకు రక్తము నందించు సన్నని నాళములను వాపునకు గురిచేసినను, కంచే చేను మేసినట్లగును. రోగులలో నూటికి 15 మొదలు 30 మందికి కీళ్లవాతము, లూపస్ వంటి సర్వాంగవ్యాధి తోడై యుండును. కంటి నల్లగ్రుడ్డుపై పొర వాచుటయు, చెవుడును, తలత్రిప్పుటయు కలసివచ్చు నొక రూపమును డేవిడ్ కోగన్ అను నేత్రవైద్యుడు 1945లో వర్ణించెను. తక్కినవారి బాధయంతయు చెవిలోనే.

ఈ వ్యాధిని నిర్ణయించుటయే కష్టము. కాలేయమునుండివలె అంతరకర్ణమునుండి ముక్కతీసి పరీక్షింప వీలులేదు. తీసినచో మిగిలిన వినికిడియు పోవును. కావున వినికిడిని కొలుచు ఆడియోగ్రామ్‌ను మరల మరల తీయించి, వినికిడి దిగజారుచున్నదా, మాట చెవినబడియు అర్థముగాని స్థితి ముదురుచున్నదా యని చూడవలెను. శ్రవణనాడిపై కంతి లేదని ఎం.ఆర్.ఐ. చెప్పవలెను. సవాయిరోగముయొక్క దుష్ఫలితమును ఇట్లే కనబడును గాని దానికి పెన్సిలిన్ కలదు. కనుక ఆ రక్తపరీక్ష తప్పదు. క్షయకై స్ట్రెప్టోమైసిన్, కానమైసిన్ సూదిమందులు వేయించుకొన్నవారు మన దేశమున తక్కువమంది కారు. అవియు చెవిని చెఱచును గావున ఆ ప్రశ్నను వైద్యుడు మరువరాదు. 68 కిలోడాల్టన్ల మాంసకృత్తునకు విరుద్ధమైన ప్రతిరక్షకమును రక్తములో కనుగొనిన చాలునని కొంతకాలము ఆర్భాటము జరిగినది. ఆ పరీక్ష వ్యాధి యున్నవారిని లేనివారిని విడదీయజాలదని పిమ్మట తేలినది.

తుదకు పరీక్షగా మిగిలినది మందే. ప్రెడ్నిసొలోన్ అను స్టీరాయిడ్‌ను రోజునకు 60 మిల్లీగ్రాముల వరకు, సుమారు నాలుగు వారములు ఇచ్చి, మరల ఆడియోగ్రామ్ తీయుదురు. వినికిడి పెరిగినచో వ్యాధి ఇదియే యని నిశ్చయింతురు. కార్యమునుబట్టి కారణము నూహించు ఈ పద్ధతిని తార్కికులు మెచ్చకపోవచ్చును. చేయగలిగినది మాత్ర మింతే. ఇంచుమించు నూటికి 60 మందికి మొదట గుణము కనబడును, కాని మోతాదు తగ్గింపగానే చాలమందికి వినికిడి మరల జారును. మందును దీర్ఘకాలము సాగించినచో మధుమేహము, ఎముకల బలహీనత, కంటి శుక్లములు, అణగియున్న క్షయ తలయెత్తుట — ఇవన్నియు కాచుకొని యుండును. స్టీరాయిడ్‌కు బదులుగా మెథోట్రెక్సేట్ అను మందు ఉపకరించునని ఆశించినవారికి 2003లో అమెరికాలో జరిపిన పరీక్ష నిరాశనే మిగిల్చినది; అది ఉత్తుత్తి మాత్రకంటె మేలు చేయలేదు. అట్టి ప్రతికూల ఫలితమును దాచక ప్రకటించుటచే ఎందరో అనవసరమైన విషము మ్రింగకుండ తప్పించుకొనిరని నా అభిప్రాయము. స్టీరాయిడ్‌కు లొంగనివారిలో అనకిన్రా అను మందును పదిమందిపై ప్రయోగింపగా ఏడుగురికి వినికిడి కొంత మెరుగుపడినదని 2014లో వెల్లడియైనది గాని, పదిమందినిబట్టి తీర్పు చెప్పరాదు.

మందులు విఫలమైనవారికి వినికిడి యంత్రము, అదియు చాలనపుడు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స గలవు. రోమకణములు పోయినను నాడీతంతువులు సాధారణముగా మిగిలియుండుటచే ఈ రోగులకు ఇంప్లాంట్ చక్కగా పనిచేయును; ఐతే వాపువలన కాక్లియాలో ఎముక పెరిగి దారి మూసికొనిపోవు ప్రమాద ముండుటచే అనవసరముగ ఆలస్యము చేయరాదు.

రెండు చెవులును వారములలో మందగించుచున్నట్లు తోచినవారు గులిమి యనుకొని చుక్కలమందుతో కాలము గడపక, ఆ వారముననే ఆడియోగ్రామ్ తీయించుకొందురు గాక. కీళ్లనొప్పులుగాని కంటియెఱుపుగాని యున్నచో, అడుగకున్నను వైద్యునకు చెప్పుదురు గాక.