‘ఛార్జ్’ ధాతువు: ఆంగ్లంలో అర్థవ్యాప్తి, తెలుగులో అర్థవిభాగం

అర్థపరిణామాన్ని బోధించేటపుడు మన పాఠ్యగ్రంథాలు ప్రాయికంగా నామవాచకాలనే ఉదాహరిస్తాయి. అర్థసంకోచానికి చీర, అర్థవ్యాప్తికి నూనె, అర్థాపకర్షకు కంపు, అర్థోత్కర్షకు సభికుడు విద్యార్థులందరికీ కంఠస్థమే. క్రియల సంగతి అంత తేలికగా తేలదు. కర్తృకర్మలు మారినకొద్దీ క్రియార్థం జరుగుతూ ఉంటుంది. అన్యభాషా క్రియ తెలుగులో ప్రవేశించినపుడు ఆ జరుగుబాటు ఏమవుతుందన్నది మరింత విచారణీయం. ఇందుకు ఆంగ్లంలోని ‘ఛార్జ్’ ధాతువు చక్కని ఉదాహరణ.

లాటిన్ భాషలో ‘కర్రుస్’ అంటే బండి. గాల్ దేశీయుల కెల్టిక్ భాషనుండి లాటిన్ స్వీకరించిన మాట ఇది. ఉత్తరకాలపు లాటిన్‌లో దీనినుండి బండికి సరుకెత్తుట అనే అర్థంలో ‘కర్రికారే’ అనే క్రియ పుట్టి, ప్రాచీన ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దిలో ఆంగ్లంలోకి వచ్చింది. కార్, క్యారీ, కార్గో అనేవి దీని జ్ఞాతి పదాలే. వ్యంగ్యచిత్రమనే అర్థంగల కారికేచర్ సైతం ఈ కుటుంబంలోనిదే. ముఖలక్షణాలను మితిమీరి ‘బరువెక్కించుట’ అందులోని మూలభావం.

బండిపై మోపిన బరువు లాక్షణికంగా మనిషిపైకి వచ్చింది. అది కర్తవ్యమైతే అప్పగింత, నిందయితే నేరారోపణ, సొమ్మయితే రుసుము. తుపాకిలో మందు దట్టించుట, ఆయుధాన్ని దాడికి ఆయత్తపరచుట అనే మెట్ల మీదుగా శత్రువుపైకి ఉరుకుట అనే అర్థం స్థిరపడింది. 1745-46 ప్రాంతంలో లైడెన్ జాడీ అనే విద్యుత్సంచయ సాధనం వెలువడింది. ఆ దశకంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ప్రయోగాలను వర్ణిస్తూ ఇదే మాటను విద్యుత్తుకు అన్వయించాడు. ‘బ్యాటరీ’ అనే ఫిరంగి శ్రేణి పేరును జాడీల వరుసకు పెట్టినవాడు కూడా ఆయనే. విద్యుచ్ఛాస్త్ర పరిభాషలో ఇంత ఆయుధశాల వాసన ఉండడం వింతగానే తోస్తుంది.

ఈ పరిణామం మన శాస్త్రాలు చదివినవారికి అపరిచితం కాదు. ‘ఆరోపణ’ అనే మాట ఆఙ్ పూర్వకమైన రుహ్ ధాతువుయొక్క ప్రేరణరూపం. ‘ఎక్కించుట’ దాని వాచ్యార్థం. వింటికి నారి ఎక్కించుటా ఆరోపణమే, రూపకాలంకారంలో ఉపమేయంపై ఉపమానధర్మాన్ని నిలుపుటా ఆరోపమే, ఒకరిపై తప్పు మోపుటా ఆరోపణే. ‘యుజ్’ ధాతువు చరిత్ర ఇంకా ఆసక్తికరం. కాడికి పూన్చుట అనే అర్థంతో అదీ బండి సంబంధమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధర్మస్థీయాధికరణంలోని ‘అభియోక్త’ వ్యాజ్యం తెచ్చినవాడు. ఆబలీయసాధికరణంలో ‘అభియుక్తుడు’ బలవంతుని దాడికి గురైన దుర్బలుడు. ఒకే గ్రంథంలో ఒకే ధాతూపసర్గలు దాడినీ నేరారోపణనూ చెప్పాయి. అప్పగింతకు మాత్రం సంస్కృతం ‘ని’ అనే ఉపసర్గను చేర్చి ‘నియోగం’ అన్నది. ఉపసర్గలు పంచుకొన్న ఈ పనిని ఆంగ్లంలో ఒక్క క్రియయే మోస్తున్నది.

ఇక తెలుగు. ఈ క్రియ తెలుగులోకి క్రియగా రాలేదు, ఒక్కసారిగానూ రాలేదు. రైలు, బస్సులతో ‘ఛార్జీలు’ వచ్చాయి. కచేరీలతో ‘ఛార్జి తీసుకొను’, ‘ఇన్‌ఛార్జి’ వచ్చాయి. పోలీసు ఠాణాతో ‘లాఠీఛార్జి’, ‘ఛార్జిషీటు’ వచ్చాయి. ప్రతి వ్యవస్థా తనకు కావలసిన అర్థాన్ని మాత్రమే తెచ్చుకొన్నది. బస్సు ఛార్జీకీ లాఠీఛార్జికీ చుట్టరికం ఉన్నదని సామాన్య వ్యవహర్తకు స్ఫురించదు. పైగా ఆంగ్లంలో పైకురుకుట ప్రధానమైతే, తెలుగు లాఠీఛార్జిలో కొట్టుటయే ప్రధానం. కిరాయి అర్థంలో ఈకారాంతం, తక్కినచోట్ల ఇకారాంతం తరచుగా కనిపిస్తాయి. అర్థభేదం వర్ణక్రమానికి కూడా పాకుతున్నదన్నమాట. ఆంగ్లమూలంలో మహాప్రాణం ఫోనిమ్‌గా లేకున్నా మనవారు ‘ఛ’ వ్రాయడంలో ఔచిత్యం ఉంది. చాప, చాలు అన్నపుడు పలికే దంత్య చకారం ఇక్కడ రాకుండా తాలవ్యోచ్చారణను నిలపడానికి అది గుర్తుగా పనిచేస్తున్నది. దీనిని లిపిదోషంగా ఎంచరాదని నా అభిప్రాయం.

సంస్కృత ధాతువులకు ‘ఇంచుక్’ చేర్చి ఆరోపించు, నియోగించు అనుకొన్నాము, ‘ఛార్జించు’ అనలేదు. ఆంగ్ల క్రియను నామంగా స్వీకరించి చేయు, అగు, పెట్టు వంటి దేశ్యక్రియలను చేర్చుటే నేటి పద్ధతి. ఈ దేశ్యక్రియల ఎంపికలోనే తెలుగు స్వభావం వ్యక్తమవుతుంది. 1961లో తెలుగు ధాతువులపై ప్రామాణిక గ్రంథం ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1986 నుండి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపకులపతులు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న శేరిలింగంపల్లి ప్రాంతమే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప నూతన వ్యవహారానికి క్షేత్రమైంది. అక్కడి ఉద్యోగులు, వాహనచోదకులు సెల్‌ఫోనును ‘ఛార్జింగ్ పెడతారు’. అది ‘ఎక్కుతుంది’, ‘ఎక్కడం లేదు’, ‘దిగిపోయింది’. బండికి సరుకు ఎక్కించుట అనే లాటిన్ మూలార్థం ఇక్కడ మళ్లీ మేల్కొన్నదని సంబరపడబోయే వ్యుత్పత్తిప్రియులు కొంత ఆగాలి. విషం ఎక్కుట, మత్తు ఎక్కి దిగుట, రక్తం ఎక్కించుట, సెలైన్ ఎక్కించుట అనే ప్రయోగాల వరుసలోనిదే ఇది. తెలుగువాడు బ్యాటరీని బండిగా కాదు, శరీరంగా భావించాడు. రెండు భాషలూ వేర్వేరు దారుల్లో ఒకే భావచిత్రానికి చేరాయని మాత్రమే చెప్పగలం.

‘రీఛార్జ్’ది మరొక తీరు. ఆంగ్లంలో తిరిగి నింపుట అనే అర్థంగల ఈ మాట, ముందుగా సొమ్ము చెల్లించే ఫోన్లతో తెలుగులో డబ్బుకు ముడిపడింది. 2017లో మియాపూర్‌కు, 2019లో రాయదుర్గానికి మెట్రో రైలు వచ్చాక ప్రయాణకార్డుకూ అది చెల్లింది. ‘ఛార్జింగ్ లేదు’ అంటే విద్యుత్తు లేదని, ‘రీఛార్జ్ లేదు’ అంటే సొమ్ము లేదని ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసు. కనుక తెలుగు నిఘంటువులో ఛార్జి, ఛార్జీ, ఛార్జింగ్, రీఛార్జ్ వేర్వేరు ఆరోపాలు కావాలి. ఆంగ్ల నిఘంటువును అనుసరించి ఒక్కదాని కిందనే అర్థాలను అంకెలు వేసి పేర్చుట తెలుగు వ్యవహారానికి సరిపడదు.

న్యాయపరిభాషలో ఈ వివేకం మరింత అవసరం. 1973 నాటి నేరవిచారణ స్మృతి 173వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ముగించి పోలీసులు సమర్పించే నివేదికకు వాడుకపేరు ఛార్జిషీటు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 193వ సెక్షన్. న్యాయస్థానం ఆ నివేదికను పరిశీలించి, తగిన ఆధారం ఉన్నదని తోచినపుడు రూపొందించేదే ఛార్జ్. ఆధారం చాలదనిపిస్తే అంతకు ముందే నిందితుని విడిచిపెట్టవచ్చు. దానిని ‘డిశ్చార్జ్’ అంటారు. ఎక్కించబోయిన బరువును దించివేయుటే అది. పత్రికలు ఛార్జిషీటును ‘అభియోగపత్రం’ అనీ, ఛార్జ్‌ను ‘అభియోగం’ అనీ అనువదిస్తున్నాయి. పోలీసులు అభియోగపత్రం దాఖలు చేశారని చదివిన పాఠకుడు ఆ మనిషిపై న్యాయస్థానమే అభియోగం మోపినట్లు గ్రహిస్తాడు. తరువాత డిశ్చార్జ్ అయినా ఆ ముద్ర తొలగదు. ఛార్జిషీటును ఛార్జిషీటుగానే ఉంచి, అభియోగమనే మాటను న్యాయస్థానం రూపొందించేదానికి మాత్రమే ప్రత్యేకించుట యుక్తం.