ఒకే రోజులో మూడు వాతావరణాలు: వసంతకాలంలో సైకిలు ప్రయాణానికి తగిన దుస్తులు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలు చెబుతారు. ధర్మపురిలో మాత్రం అది ఒక్కసారిగా వెళ్ళదు. తెల్లవారుజామున తిరిగివచ్చి, ఎండ ఎక్కిన తరువాత తప్పుకుంటుంది. మాసి, పంగుని నెలలలో సూర్యోదయ వేళ ఉష్ణోగ్రత 20 డిగ్రీల చేరువలో ఉండి, మధ్యాహ్నానికి 35 డిగ్రీలను అందుకోవడం ఇక్కడ సాధారణం. చైత్రం ముగిసే నాటికి సాయంత్రపు ఉరుముల వాన కూడా తోడవుతుంది. మామిడి కాయలు పక్వానికి వచ్చే వేళ కురుస్తాయి గనుక వీటిని మామిడి జల్లులు అంటారు.

ఈ తేడాకు కారణం స్పష్టమే. మన జిల్లా సముద్రానికి దూరాన ఉన్నది. ఈ కాలంలో గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. పగలు నేల వేగంగా వేడెక్కుతుంది. రాత్రి అంతే వేగంగా ఆ వేడిని వదులుతుంది. బస్సులోనో కారులోనో వెళ్ళేవారికి ఇది పెద్దగా పట్టదు. పాల క్యానులతో, పూల బుట్టలతో తెల్లవారుజామున పట్టణానికి వచ్చేవారికి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన సైకిలుపై పాఠశాలకు వెళ్ళే విద్యార్థులకు మాత్రం ఒకే జత బట్టలతో మూడు వాతావరణాలను దాటవలసి వస్తుంది. వారికి ఖరీదైన క్రీడా దుస్తులు అవసరం లేదు. ఇంట్లో ఉన్నవాటినే తెలిసి ఎంచుకుంటే చాలును.

శరీరమే ఒక పొయ్యి

సైకిలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగవ వంతు మాత్రమే చక్రాన్ని తిప్పుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందుచేత బయలుదేరేటప్పుడు హాయిగా వెచ్చగా ఉన్న స్వెట్టరు పది నిమిషాలకే భారమవుతుంది. మరొక వైపు, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నవారికి గాలి లేని వేళ కూడా అదే వేగంతో ఎదురుగాలి తగులుతుంది. లోపల వేడి, బయట గాలి: ఈ రెండింటినీ సరితూచడమే దుస్తుల పని.

దీనికి సులువైన కొలత ఒకటి ఉన్నది. ఇంటి ముందు నిలబడినప్పుడు కాస్త చలిగా అనిపిస్తే మీరు సరిగ్గా దుస్తులు ధరించినట్లు. అక్కడే వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువైనట్లు.

ఏ బట్ట ఎప్పుడు?

నూలు బట్ట చెమటను పీల్చుకొని తనలోనే నిలుపుకుంటుంది. పొడి ఎండలో ఇది మేలే చేస్తుంది. తడి ఆవిరి అవుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కాని చలిగాలిలో అదే తడి ఒంటికి అంటుకొని వణుకు పుట్టిస్తుంది. పాలిస్టర్ నూలుపోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది. కాని నేత దట్టంగా ఉంటే గాలి ఆడదు, ఉక్కపోస్తుంది. అల్లిక వదులుగా ఉన్న ఆటల బనియన్లు తేలికగా ఉండడానికి కారణం ఆ అల్లికలోని సందులే. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది.

కనుక పట్టణంలో నాలుగైదు కిలోమీటర్లు తిరిగేవారికి వదులైన నూలు చొక్కా చాలును. దూరం వెళ్ళేవారు, గట్టు ఎక్కి దిగేవారు లోపల త్వరగా ఆరే పలుచని బనియను వేసుకొని, పైన నూలు చొక్కా ధరించడం మంచిది.

ఉదయం: మందం కాదు, పొరలు

ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు పలుచని పొరలు మేలు. పై పొర ముందు వైపు తెరుచుకునేదై ఉండాలి. అప్పుడు సైకిలు ఆపకుండా బొత్తాలు విప్పే ప్రయత్నం చేయక, ఒక్క నిమిషం పక్కన నిలిపి, దానిని తీసి మడిచి, క్యారియరుకు గట్టిగా కట్టుకోవచ్చు. చేతులను నడుముకు చుట్టి వదిలేయరాదు. ముడి జారితే అవి చక్రంలోకి పోతాయి.

వత్తల్‌మలై వంటి కొండ దారులలో, తొప్పూరు కనుమ వాలులో మరొక జాగ్రత్త అవసరం. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. దిగేటప్పుడు కాళ్ళకు పని ఉండదు, వేడి పుట్టదు, గాలి మాత్రం రెట్టింపవుతుంది. పైగా ఎత్తుకు పోయినకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. దిగడానికి ముందు పై పొర మళ్ళీ వేసుకోవాలి. వేళ్ళు కొయ్యబారితే బ్రేకు పట్టు తప్పుతుంది. ఐరోపా పర్వతాల సైకిలు పందాలలో క్రీడాకారులు వాలు దిగే ముందు చొక్కా లోపల రొమ్ముపై వార్తాపత్రిక పరచుకోవడం పాత అలవాటు. కాగితం గాలిని ఆపుతుంది. పని తీరిన తరువాత తీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఇంతకంటే చవకైన చలికోటు లేదు.

మధ్యాహ్నం: కప్పుకోవడమే చల్లదనం

ఎండలో పొట్టి చేతుల చొక్కా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. లేత రంగు, వదులైన, నిండు చేతుల చొక్కా ఎండను చర్మానికి తగలనివ్వదు, లోపల గాలిని ఆడనిస్తుంది. మన రైతులు తలకు తువాలు చుట్టడంలో ఉన్న వివేకం ఇదే. తడిపి పిండిన తువాలును మెడ చుట్టూ వేసుకుంటే మరింత మేలు. అయితే దాని కొసలను చొక్కా లోపలికి దోపుకోవాలి. హెల్మెట్ ధరించేవారు గాలి సందులున్న దానిని ఎంచుకొని, లోపల పలుచని నూలు గుడ్డ వేసుకోవచ్చు.

చెమట పట్టడం ఆగి ఒళ్ళు కాలుతున్నా, తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా అది వడదెబ్బ సూచన. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిపి విసురుతూ, 108కు ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివారికి నీళ్ళు తాగించరాదు.

సాయంత్రం: వాన, మెరుపు

ఒక చేత గొడుగు, ఒక చేత హ్యాండిలు పట్టి సైకిలు తొక్కడం ప్రమాదకరం. గాలి గొడుగును లాగినప్పుడు సైకిలు దానితో పాటే ఒరుగుతుంది. పైగా తడిసిన చక్రంపై బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, అప్పుడే రెండు చేతులూ కావాలి. చొక్కా, ప్యాంటు వేరుగా ఉన్న రెయిన్‌కోటు మంచిది. దుప్పటివలె వేలాడే రకం గాలికి లేచి చూపును కప్పవచ్చు. నలుపు, ముదురు నీలం కాక పసుపు వంటి రంగును ఎంచుకోండి.

మెరుపు కనబడిన తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పడగల దూరంలోనే మీరు ఉన్నారు. అప్పుడు ఏ రెయిన్‌కోటూ కాపాడదు. దారి పక్క చింతచెట్టు కింద కాక, పక్కా భవనంలోకి చేరి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయలుదేరాలి.

కొంగు, పంచె, చున్నీ

1990ల తొలి సంవత్సరాలలో పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పింది. ఊరి దాటి వెళ్ళడానికి మరొకరి తోడు కోసం ఎదురు చూడవలసిన అవసరం వారికి తగ్గింది. చీర కట్టుకున్న స్త్రీ సైకిలు తొక్కలేదనే మాటకు ఆ జిల్లా ఏనాడో జవాబు చెప్పింది. కావలసినది దుస్తులు మార్చడం కాదు, వాటిని అదుపులో ఉంచడం.

చీర కొంగును నడుము చుట్టూ తిప్పి దోపుకోవాలి. కుచ్చిళ్ళను కాస్త ఎత్తి కట్టుకోవాలి. చున్నీని, ఓణీని రెండు భుజాల మీద పిన్నుతో నిలిపి, కొసలను వెనుక ముడివేయాలి. మెడకు చుట్టి వదిలిన చున్నీ చక్రంలో పడితే ఊపిరికే ముప్పు. పంచె, లుంగీ మడిచి కట్టాలి. ప్యాంటు కుడికాలి అంచును రబ్బరు బ్యాండుతో బిగించాలి, ఎందుకంటే చైను ఆ వైపే ఉంటుంది. వెనుక చక్రానికి వల, చైనుకు నిండు కవరు బిగించుకోవడం ఇల్లంతటికీ ఉపయోగం. ఆ సైకిలును అమ్మ, కూతురు, కొడుకు ముగ్గురూ వాడవచ్చు.

కనబడడం కూడా రక్షణే

పగటి వేళ మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులు సూర్యకాంతిలోని అతినీల కిరణాలను వెలుగుగా మార్చి దూరానికే కనబడతాయి. చీకటిలో ఆ కిరణాలు ఉండవు గనుక అవి మామూలు రంగులే. రాత్రికి పనికివచ్చేది మన దుకాణాలలో రేడియం స్టిక్కరు అని పిలిచే పట్టీ. అది వాహనపు వెలుగును వచ్చిన దిక్కుకే తిరిగి పంపుతుంది. దానిని వీపుపైనే కాక రెండు చీలమండలకు కట్టుకోండి. పైకీ కిందికీ కదిలే ఆ రెండు చుక్కలను చూడగానే ముందు వెళుతున్నది సైకిలుపై మనిషి అని డ్రైవరు గుర్తిస్తాడు. తెల్లవారకముందు 44వ జాతీయ రహదారి పక్క దారులలో వచ్చేవారికి ఇది చొక్కా కంటే ముఖ్యమైన ఉడుపు. అయినా ఇది దీపానికి బదులు కాదు; ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం ఉండితీరాలి.

సంచిలో ఉంచవలసినవి

ఒక పలుచని పై చొక్కా, ఒక తువాలు, మడిచిన రెయిన్‌కోటు, రెండు రబ్బరు బ్యాండ్లు, రేడియం పట్టీలు, ఒక నీళ్ళ సీసా, పుస్తకాలూ ఫోనూ తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి. వీటన్నిటి బరువు రెండు కిలోలకు మించదు. ఉదయం బయలుదేరేటప్పుడు ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా వీటిని ఇంట్లో వదలకండి. వసంతంలో ఉదయపు ఆకాశాన్ని చూసి సాయంత్రాన్ని చెప్పలేము. ఆ సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరడానికి సిద్ధపడడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.