ఫోను గేటు బయటే... మీరొక్కరే లోపలికి!

'ఒరేయ్, ఆ ఫోను అవతల పడేసి పుస్తకం తియ్యరా!'

'చదువుతోంది ఫోన్లోనేనమ్మా... ఆటలాడుకోవట్లేదు!'

పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, ఇంటింటా ఇదే గొడవ. నిజానికి ఇద్దరి మాటలోనూ తప్పులేదు. పాఠాల వీడియోలు, మాక్‌టెస్టులు, పాత ప్రశ్నపత్రాలు, ఆఖరికి సందేహాలు తీర్చే మాస్టారు కూడా ఇప్పుడు ఆ ఫోన్లోనే ఉన్నారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచీ పరిస్థితి మరీ మారిపోయింది. లెక్కని ఫొటో తీసి పెడితే చాలు, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా చేసి చూపించేస్తుంది. ట్యూషన్‌ పెట్టించే స్తోమత లేని ఇంట్లో, రాత్రి పదకొండింటికి సందేహం వచ్చిన పిల్లకి అది వరమే. పదిసార్లు అడిగినా విసుక్కోకుండా పదకొండోసారీ చెబుతుంది మరి.

చిక్కల్లా ఒకటే. పరీక్ష హాల్లోకి దాన్ని రానివ్వరు. మరి దాని సాయంతో చదివింది మన బుర్రకెక్కుతోందా, లేక దాని దగ్గరే ఉండిపోతోందా?

టర్కీ పిల్లలు ఏం చెప్పారంటే...

సరిగ్గా ఈ సంగతి తేల్చడానికే అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలోని ఓ ఉన్నత పాఠశాలలో ప్రయోగం చేశారు. దాదాపు వెయ్యిమంది విద్యార్థులు. లెక్కల పాఠం. పాఠం అయ్యాక సాధన చేసే సమయంలో కొందరికి పుస్తకాలూ నోట్సులే ఇచ్చారు. కొందరికి అడిగిందల్లా చెప్పే ఏఐని ఇచ్చారు. ఇంకొందరికి జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయుల సలహాతో తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐని ఇచ్చారు.

సాధనలో పుస్తకాల బృందంకన్నా రెండోబృందం 48 శాతం, మూడోబృందం ఏకంగా 127 శాతం మెరుగ్గా చేశాయి. ఆహా అనుకునేలోపు, ఏఐని తీసేసి పరీక్ష పెట్టారు. అంతే! అడిగిందల్లా చెప్పించుకున్న పిల్లలు, అసలు ఏఐ మొహమే చూడనివాళ్లకన్నా 17 శాతం వెనకబడ్డారు. సూచనలతో నెట్టుకొచ్చినవాళ్లకి మాత్రం అంత నష్టం జరగలేదు. 2024లో వెలువడిన ఈ పరిశోధనలో మరో విచిత్రం... వెనకబడినవాళ్లకి తాము వెనకబడ్డామనే తెలియదు! ఎదురుగా జవాబు కనిపిస్తుంటే 'ఓస్‌, ఇంతేనా' అనిపిస్తుంది. అది అర్థంకావడం వేరు, మనంతట మనం చేయగలగడం వేరు.

మరుపుకి మందు

మనిషి చదివింది ఎంత త్వరగా మర్చిపోతాడో 1885లోనే లెక్కకట్టి చూపించాడు జర్మనీకి చెందిన హెర్మన్‌ ఎబ్బింగ్‌హాస్‌. దానికి విరుగుడు ఏమిటో 2006లో రోడిగర్‌, కార్పిక్‌ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీమళ్లీ చదివారు. కొందరు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నదంతా మూడుసార్లు రాశారు. వారం తర్వాత చూస్తే చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది.

'యాంకీ' లాంటి యాప్‌లు పనిచేసేది ఈ సూత్రం మీదే. 2006లో వచ్చిన ఈ ప్రోగ్రామ్‌ కంప్యూటర్లకీ ఆండ్రాయిడ్‌ ఫోన్లకీ ఉచితం. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉండే కార్డులు తయారుచేసుకుంటే, మీకు కష్టమైనవి త్వరగానూ తేలికైనవి ఆలస్యంగానూ మళ్లీ అడుగుతుంది. ఫోను లేదా? ఫరవాలేదు. 1972లో సెబాస్టియన్‌ లైట్నర్‌ అనే జర్మన్‌ రచయిత చెప్పిన పద్ధతికి నాలుగైదు ఖాళీ అట్టపెట్టెలు చాలు. జవాబు చెప్పగలిగిన కార్డు తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది, చెప్పలేనిది మొదటి పెట్టెకి వచ్చేస్తుంది. మొదటి పెట్టెని రోజూ, తర్వాతివాటిని రోజులు పెంచుకుంటూ తియ్యాలి.

తెలుగు మీడియమా... జాగ్రత్త!

భౌతికశాస్త్రం తెలుగు పుస్తకాల్లో 'స్పీడ్‌' అంటే వడి, 'వెలాసిటీ' అంటే వేగం. రెంటికీ తేడా ఏమిటన్నదే ఒక ప్రశ్న. ఇంగ్లిషు నుంచి అప్పటికప్పుడు అనువదించే యంత్రం రెంటినీ వేగం అనేసిందనుకోండి... మార్కు గల్లంతే.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఇంకో గండం ఉంది. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరులో 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో 33కి చేరాయి. ఎప్పుడో తయారైన క్విజ్‌ యాప్‌లో 31 అనే ఉంటే? ఏఐతో వచ్చే తంటా మరోటుంది. తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెబుతుంది. అందుకే తెలుగు అకాడమీ పుస్తకంలోని పేజీనే ఫొటో తీసి ఇచ్చి 'ఇందులోంచే ప్రశ్నలు అడుగు' అనడం మేలు. గూగుల్‌ నోట్‌బుక్‌ఎల్‌ఎమ్‌ లాంటివి మనమిచ్చిన పత్రాల ఆధారంగానే జవాబిస్తాయి, ఎక్కడినుంచి తీసుకున్నాయో కూడా చూపిస్తాయి. అయినా సరే, అంకెలూ తేదీలూ పుస్తకంతో ఓసారి సరిచూసుకోవాల్సిందే.

అమ్మానాన్నలకో మాట

పెద్ద మొత్తం కట్టేముందు కాస్త ఆగండి. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన బైజూస్‌ 2024 జులైలో దివాలా ప్రక్రియ మెట్లెక్కింది. రెండుమూడేళ్లకి సరిపడా ఫీజు ముందే కట్టమంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. జేఈఈ, నీట్‌లకి చదివే పిల్లలకోసం కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్‌ కలిసి నడిపే 'సాథీ' ఉంది. బడి పాఠాలకి 2017లో మొదలైన 'దీక్ష' ఉంది. రెండూ ఉచితమే. ముందు అవి చూశాకే పర్సు తియ్యండి.

ఇలా అడిగి చూడండి

* 'జవాబు చెప్పొద్దు. నేనెక్కడ ఆగిపోయానో చూసి ఒక్క సూచన ఇవ్వు.'

* 'ఈ పాఠం నీకు నేను చెబుతాను. తప్పులుంటే పట్టుకో.'

* 'ఈ పేజీలోంచి పది ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు. నేను రాశాకే సరైనదేదో చెప్పు.'

* వారానికోసారైనా ఫోను వేరే గదిలో పెట్టి, గడియారం చూసుకుంటూ పాత ప్రశ్నపత్రం చెయ్యండి. ఈఏపీసెట్‌ ఇంజినీరింగ్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు... అంటే ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లే. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. ఆ ఒత్తిడి అలవాటైతేనే అసలు రోజున చెయ్యి వణకదు.

ఫోను మంచి మాస్టారే. కానీ ఎంత మంచి మాస్టారైనా వచ్చేది పరీక్ష కేంద్రం గేటు దాకానే. హాల్‌టికెట్‌ మీద ఉండేది మీ ఫొటో. ఆ మూడు గంటలూ బెంచీ మీద కూర్చునేదీ మీరే. కాబట్టి దాంతో చదివినంతసేపూ పెన్ను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి!