పెళ్ళికి ముందు ప్రేమ ఎప్పుడొచ్చింది?

"తాతమ్మా, నువ్వు తాతయ్యని ప్రేమించావా?" అని చిన్నప్పుడు ఓసారి అడిగాను. దూది వత్తులు చేసుకుంటూ నవ్వింది. "తొమ్మిదేళ్ళ దాన్నిరా. పీటల మీదే నిద్రపోయానట."

అంటే వెనకటివాళ్ళకి ప్రేమ తెలియదా? తెలియకేం! వలపు, మరులు, కూరిమి, విరహం... మాటలకే కరువు లేదు. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య రాసిన పదాల్లో నాయిక మువ్వగోపాలుడి మీద అలుగుతుంది, నిలదీస్తుంది, తలుపేస్తుంది. కాకపోతే అలా నోరు విప్పేది చాలాసార్లు వేశ్యో, పరుల ఇల్లాలో.

ఎందుకలా? పెళ్ళి వయసే ముఖ్య కారణమని నాకనిపిస్తుంది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి, 1,034. ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది పాపలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. ఉయ్యాల్లో పిల్లకి వలపేమిటి? (అన్ని కులాల్లోనూ ఇదే తీరు కాదు. మారుమనువులు మామూలైన ఇళ్ళూ ఉండేవి.)

మరి ఎలా మారింది? ముందు పుస్తకాల్లో మారింది. రాయప్రోలు సుబ్బారావు 'తృణకంకణం'లో ప్రేమించిన అమ్మాయికి వేరే పెళ్ళయిపోతుంది. ఇద్దరూ గడ్డిపోచ కంకణంతో స్నేహితులుగా మిగులుతారు. ఆయన దానికి 'అమలిన శృంగారం' అని పేరు పెట్టారు. మనసొక చోట, మనువొక చోట అయిన కాలానికి అంతకంటే దారి దొరకలేదేమో. 1927లో చలం ఆ మొహమాటం కూడా ఉంచలేదు. 'మైదానం'లో రాజేశ్వరి మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది.

ఇళ్ళల్లో మాత్రం మార్పు మెల్లగా వచ్చింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలంది. 1930 ఏప్రిల్‌లో అది అమల్లోకి వచ్చేలోపే చాలాచోట్ల గబగబా తాళి కట్టించేశారు. మా తాతమ్మ పెళ్ళి ఆ హడావిడిలోదే. తర్వాత ఆడపిల్లల చదువు బడి దాటి కాలేజీకి చేరాక, ఈడొచ్చిన పిల్లకి పెళ్ళికి ముందు నాలుగేళ్ళు చేతికొచ్చాయి. ఒకరిని చూసి, మాట్లాడి, నచ్చాడో లేదో తేల్చుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి కదా.

ఆ రోజు తాతమ్మ వత్తుల పళ్ళెం పక్కన పెట్టి ఇంకో మాట కూడా అంది. "నలభయ్యో ఏట టైఫాయిడ్‌తో మంచాన పడ్డాను. మీ తాత మాడ్చి మాడ్చి గంజి కాచి పోశారు. అప్పుడు నచ్చారురా."